గ్లాసు వెనక కర్టెన్ లేదు

చాలా ఏళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. బరువు అనే మాట వాడటం నాకిష్టం లేదు. అందరూ వాడి అరగదీసిన మాట. కానీ ఇంకో మాట దొరకలేదు. పొద్దున లేవగానే భుజాలు నొప్పిగా ఉంటాయి. వయసండీ, అన్నాడు డాక్టరు. వయసే కావచ్చు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. మా చర్చిలో ప్రతి ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన ఉంటుంది. అందరం లేచి నిలబడి ఒకే గొంతుతో చెబుతాం. అంతమంది గొంతుల మధ్య నా ఒక్క తప్పు సులువుగా దాక్కుంటుంది. ప్రార్థన అయిపోతుంది. పక్కాయన దగ్గుతాడు, పాట మొదలవుతుంది, నేను కూర్చుంటాను. నాతో పాటు అదీ కూర్చుంటుంది.

విషయం వినడానికి చిన్నది. ఒక ఫోటో. మా అక్క తన ఫోటో ఒకటి తీయమని అడిగింది. తీస్తున్నట్టు నటించి వేరేది తీశాను. అంతే. ఇంత చిన్న వాక్యాల్లో పట్టే దాన్ని ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేకపోయాను? చిన్నది కాబట్టేనేమో. పెద్ద తప్పులకు ఏడ్చే పద్ధతి ఒకటి ఉంటుంది. ఇలాంటి వాటికి ఉండదు.

మొదటి నుంచి చెబుతాను.

నేను విజయవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. పుస్తకాల మధ్య బతుకు బాగానే గడిచింది. నడివయసు దాటాక ఫోటోల పిచ్చి పట్టుకుంది. మనుషుల ఫోటోలు కాదు, పెళ్లిళ్లు కాదు, కొండమీద నుంచి కనిపించే కృష్ణానది కాదు. వస్తువులు. సెలవు రోజు పొద్దున్నే వన్ టౌన్ వెళ్లేవాణ్ణి. కొట్లు ఇంకా తెరవని సమయం. మూసిన షట్టరుకు వేలాడే తాళం, తోపుడుబండి కొయ్య మీద తాడు ఒరుసుకుని పడిన గాడి, గోడౌను గుమ్మంలో మడిచి పెట్టిన ఖాళీ గోనెసంచులు, టీ కొట్టు బల్ల మీద గ్లాసులు వదిలిన తడి వలయాలు. పక్క నుంచి వెలుగు పడే వేళ కోసం కాచుకుని నిలబడేవాణ్ణి. ఒక వాన వెలిసిన పొద్దున గోనెసంచీ మీద నీళ్లు పోగుపోగుకీ విడివిడిగా మెరవడం చూసి, ఆటో కోసం వచ్చిన సంగతి మరిచిపోయాను. ఆ సంచిని నా జీవితంలో ఎన్ని వందలసార్లు దాటుకుని వెళ్లి ఉంటాను? ఎప్పుడూ చూడలేదు. అప్పుడు సిగ్గుపడ్డాను. సంతోషమూ వేసింది. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని ఇప్పుడు కూడా తప్పుపట్టలేను.

నాకు ఒక నియమం ఉండేది. వస్తువును కదపకూడదు. తుడవకూడదు, సర్దకూడదు, పక్కన పువ్వు పెట్టకూడదు. ఉన్నది ఉన్నట్టు తీయాలి. అలంకారం అంటే నాకు మొదట్నుంచీ అనుమానం. మనుషులు కెమెరా చూడగానే ముఖం మార్చుకుంటారు, వస్తువులు మార్చుకోవు అని అందరితో చెప్పేవాణ్ణి. అదేదో గొప్ప సత్యం కనిపెట్టినట్టు.

అక్క నవ్వేది. అక్క పేరు సువార్త. పామర్రులో ఉండేది. నర్సుగా చేసి రిటైరైంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నాకు నిమ్మకాయంత ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఆమే. నెలకోసారి బస్సెక్కి ఉయ్యూరు మీదుగా అక్క దగ్గరికి వెళ్లేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా వంటింట్లో కెమెరా తీస్తే మొదలుపెట్టేది.

"ఒరే, అంట్ల గిన్నెల్ని ఫోటో తీసి బెజవాడంతా చూపిస్తావా? నా పరువేం కాను? కాస్త తోమనియ్యి, అప్పుడు తీసుకో."

"తోమితే అందం పోతుందక్కా."

"అయితే ఈ పూటకి నువ్వు తోము. నీ అందమేదో నువ్వే పోగొట్టుకో."

అలా ఉండేది మా అక్క. కానీ నా ఫోటోలు కంప్యూటర్లో చూపిస్తే మాత్రం చాలాసేపు చూసేది. ఒకసారి చింతపండు జాడీ మూత ఫోటో చూసి, "ఇది మన జాడీయేనా?" అని లేచి వంటింట్లోకి వెళ్లి, జాడీని చూసి వచ్చింది. నాకు దొరికిన మెప్పుల్లో అదే పెద్దది.

ఇక అసలు సంగతి. మా బావ పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికకు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. మా వైపు అది ఆనవాయితీ అయిపోయింది. మనిషి పోయాక మట్టి చేసే లోపలే ఫోటో ఏదని అడుగుతారు. బావకు మంచి ఫోటో లేదు. హడావిడిలో ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేసి వేయించారు. ఫ్లెక్సీ వాళ్లు దాన్ని అడ్డంగా సాగదీశారు. చుట్టూ గులాబీలు, పైన పావురాలు, మధ్యలో బావ, కళ్లు వెడల్పు చేసి భయపడుతున్నట్టు. ప్రభువునందు నిద్రించారు అని కింద రాసి ఉంది. ఆ కళ్లు చూస్తే ఇక ఎన్నడూ నిద్రపోయేలా లేరు.

అక్క ఆ దుఃఖంలోనే దాన్ని చూసి, నా చెవిలో, "పోలీస్ స్టేషన్లో గోడకి అంటించే ఫోటోలా ఉందిరా మీ బావది," అంది. నవ్వింది, వెంటనే ఏడ్చింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట మరిచిపోలేదు. ఆ ఫ్లెక్సీ కింద అన్నం తిన్న వాళ్లందరికీ మా ఆయన ముఖం ఇక అదే, అనేది.

కొన్నేళ్లకు అక్కకు కాలేయం జబ్బు వచ్చింది. నర్సు కాబట్టి ఆమె దగ్గర ఎవరూ ఏమీ దాచలేకపోయారు. రిపోర్టు తానే చదువుకుని మడిచి దిండు కింద పెట్టుకుంది. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు, టిఫిన్ చేస్తుంటే, మామూలుగా అడిగింది. "ఒరే తమ్ముడూ, ఒక్క ఫోటో తియ్యి నాకు. గిన్నెలకు తీసినంత శ్రద్ధగా తియ్యి. మీ బావకు చేసినట్టు నాకు చేయకండి."

నేను సరేనన్నాను. ఇంకో ఇడ్లీ పెట్టించుకున్నాను.

అక్కకు వేరే ఫోటోలు లేవా అని మీరు అడగవచ్చు. ఫోను చేతిలో లేని వాళ్లెవరు ఈ రోజుల్లో? ఉన్నాయి. పెళ్లిళ్లలో, చర్చి స్త్రీల కూడికల్లో, అందరి వెనక, కందిగింజంత ముఖంతో. ఫోను ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెళ్లి ఆల్బం ఒక తుఫానులో తడిసి, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. తన ముఖం తనకు బాగా వచ్చిన ఫోటో ఒక్కటీ లేదని ఆమె నమ్మకం.

అనుకున్న రోజున వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. మా మేనకోడలు ప్రశాంతి అమ్మకు చీర కట్టి, తల దువ్వి, ఉద్యోగానికి వెళ్లిపోయింది. అది గన్నవరంలో పనిచేస్తుంది. ఇంట్లో మేమిద్దరమే. అక్క ముందుగదిలో, పడమటి కిటికీ దగ్గర బల్ల వెనక కూర్చుని ఉంది. గంధం రంగు చీర, ముదురు ఎరుపు అంచు. మెడ దాకా పౌడరు. తలలో కనకాంబరాలు. బావ పోయాక ఆమె పూలు పెట్టుకోవడం మానేసింది. మళ్లీ ఆ రోజే.

నేను చూసిన సంగతి గమనించింది.

"ఏంట్రా అట్లా చూస్తావు? పూలు బాలేవా?"

"బాగున్నాయక్కా. పాస్టరుగారు చూస్తే ఏమంటారోనని."

"ఆయన చూసేసరికి నేనుండనుగా. ఏమనుకుంటే అనుకోనీ."

ఇద్దరం నవ్వాం. ఆమెకు దగ్గు వచ్చింది. బల్ల మీద గ్లాసులో నీళ్లు రెండు గుక్కలు తాగి పెట్టింది.

ఆ గ్లాసు గురించి చెప్పాలి. స్టీలు గ్లాసు. నర్సు ట్రైనింగులో హాస్టల్లో గ్లాసులు మారిపోతుంటే, అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకుంది. సువార్త. అంత పాతది. అరిగి, సొట్టలు పడి, మెరుపు పోయి, అద్దంలా కాక పాలలా వెలిగేది. అక్క తాగి పెట్టగానే కిటికీ ఊచల మధ్య నుంచి ఎండ సరిగ్గా దాని మీద పడింది. పేరులోని ఒక్కో చుక్కలోనూ కాస్త వెలుగు నిలిచింది. అంచు మీద ఆమె పెదవుల తడి. బల్ల మీద పొడుగ్గా దాని నీడ.

నేను అలాంటి దాని కోసం ఏళ్లుగా వెతుకుతున్నాను. అది నిజం. మీకు ఇది సాకులా వినిపించవచ్చు. నాకూ అలాగే వినిపిస్తుంది.

కెమెరా ఎత్తాను. నా దగ్గర ఒక పాత లెన్సు ఉండేది. ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. దాన్ని పూర్తిగా తెరిచి పెడితే వేలెడు మందం మేరకే స్పష్టంగా వస్తుంది. దానికి ముందూ వెనకా ఉన్నదంతా మెత్తగా కరిగిపోతుంది. నేను గ్లాసు మీద నిలిపాను. అక్క గ్లాసు వెనక, ఒక మూర దూరంలో ఉంది.

"ఆ గ్లాసు తీసెయ్యరా, అడ్డంగా ఉంది."

"ఉండనీ అక్కా. అది ఫోటోలోకి రాదు."

ఆ మాట అన్నాను. ఆలోచించకుండా అన్నానా? కాదు. ఆలోచించే అన్నాను. గ్లాసు కదిపితే ఆ వెలుగు పోతుంది.

"బైబిలు పట్టుకోనా? వద్దులే, పాస్టరమ్మననుకుంటారు. నవ్వనా, మామూలుగా ఉండనా?"

"నీ ఇష్టం."

"నవ్వుతాను. అందరూ ఏడుస్తుంటారుగా, నేనైనా నవ్వాలి."

నేను నొక్కాను. కొంచెం జరిగి మళ్లీ నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. ముందు గ్లాసు తీసుకుని తర్వాత అక్కను తీద్దామనే అనుకున్నాను. దీన్ని కూడా నిజమనే చెప్పాలి. కానీ ఎండ కిటికీ దాటిపోయేదాకా గ్లాసును వదల్లేదు. ఆ లోపల అక్క అలిసిపోయింది. వెన్ను నిలబెట్టి కూర్చోవడం ఆమెకు అప్పటికే కష్టం. "అయిందా?" అని అడిగింది. "అయిందక్కా," అన్నాను. "నవ్వు బాగా వచ్చిందా?" అంది. "బాగా వచ్చింది," అన్నాను. ఆమె ఊపిరి వదిలి, తలలో పూలు తీసి బల్ల మీద పెట్టి, వెళ్లి పడుకుంది. తేలికపడినట్టు కనిపించింది. ఒక పని పూర్తయిన మనిషిలా.

తిరుగు బస్సులో కెమెరా వెనక చిన్న తెర మీద ఫోటోలు చూసుకున్నాను. అన్నిటిలోనూ గ్లాసు. వెనక ఏదో తెల్లగా, పొడుగ్గా, మెత్తగా. ఒక్కదానిలోనూ ముఖం లేదు. నాకేమీ తప్పు చేసినట్టనిపించలేదు. ఇది మీకు దాచకుండా చెప్పాలి. నేను తీసిన వాటన్నిటిలోకీ మంచి ఫోటో నా చేతిలో ఉందని మాత్రమే అనిపించింది. ఉయ్యూరు దగ్గర బస్సు చాలాసేపు ఆగితే కూడా విసుగు రాలేదు.

మళ్లీ వెళ్లి తీయవచ్చు. ఆ వారమే వెళ్లవచ్చు. ఎందుకు వెళ్లలేదు? ఈ ప్రశ్నకు ఒక్కో ఏడు ఒక్కో జవాబు చెప్పుకున్నాను. పని ఉంది అనుకున్నాను. ఎండలు అనుకున్నాను. ఇంకా సమయం ఉంది అనుకున్నాను. ఇప్పుడు ఓపిక తగ్గాక ఒక జవాబే మిగిలింది. అక్క ముఖం చూడటం నాకు భయం. పసుపు తిరిగిన కళ్లు, లోపలికి పోయిన దవడలు, వాటి మీద పౌడరు, పూలు. లెన్సులోంచి ఆ ముఖాన్ని గీతగీతగా స్పష్టంగా చూస్తే, ఆమె పోతోందని నాకు తెలిసిపోతుంది. గ్లాసు పోదు. గ్లాసు నన్నేమీ అడగదు. నవ్వు బాగా వచ్చిందా అని అడగదు. వస్తువులు ముఖం మార్చుకోవు కాబట్టి వాటిని ప్రేమించానని చెప్పుకున్నానే, అది సగమే. వాటికి నా మీద ఆశలు ఉండవు. మిగతా సగం అది.

అక్క ఫోనులో రెండుమూడుసార్లు అడిగింది. ప్రింటు వేయిస్తున్నానన్నాను. మంచి కాగితం తెప్పిస్తున్నానన్నాను. ఆమె ఆ మాటలు నమ్మి ఇంకో పని చేసింది. అది నాకు తర్వాత తెలిసింది. ప్రశాంతి ఒకరోజు ఫోనులో ఫోటో తీయబోతే, "ఇప్పుడొద్దే, ముఖం వాచింది. మీ మామయ్య తీసింది ఉంది, అదే వెయ్యండి," అందట. చర్చి వాళ్లు వచ్చినా అదే మాట. నా మీద నమ్మకంతో మిగతా తలుపులన్నీ ఆమే మూసేసింది.

ఆ వానాకాలంలో అక్క పోయింది. విజయవాడ ఆసుపత్రిలో. పొద్దున. నేను కాఫీ కోసం కిందికి వెళ్లిన కాసేపట్లో.

పామర్రు తీసుకెళ్లాక, ఇంటి ముందు షామియానా వేస్తుండగా, ప్రశాంతి నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మామయ్యా, ఫ్లెక్సీ వాళ్లు ఫోటో పంపమంటున్నారు. అమ్మది నువ్వు తీసింది పంపు."

అప్పుడైనా చెప్పవచ్చు. తల్లి శవం లోపల ఉంది, బిడ్డ ఎదురుగా నిలబడి ఉంది. అప్పుడు చెప్పవచ్చా? చెప్పలేకపోవడానికి అది మంచి కారణమే అనుకున్నాను. ఇలాంటి వేళ ఎవరైనా అబద్ధమే చెబుతారు అనుకున్నాను.

"కెమెరా కార్డు పాడైపోయిందమ్మా," అన్నాను. "ఒక్కటీ మిగల్లేదు."

ప్రశాంతి నా చెయ్యి పట్టుకుంది. "పర్లేదు మామయ్యా. నువ్వు మాత్రం ఏం చేస్తావు," అంది. నన్ను ఓదార్చింది.

సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. గులాబీలు, పావురాలు, మధ్యలో ఆధార్ కార్డు మీది మా అక్క. జుట్టు చెదిరి, పెదవులు బిగించి, ఎవరో కసిరినట్టు. బావ ఫ్లెక్సీ కట్టిన వేపచెట్టు కొమ్మకే కట్టారు. ఆ కింద నేనూ అన్నం తిన్నాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది.

ఆ తర్వాత ఏడాదికి కాబోలు, ఊళ్లో ఫోటోలు తీసే మిత్రులు కలిసి ఒక చిన్న హాల్లో ప్రదర్శన పెట్టారు. నన్నూ కొన్ని ఇమ్మన్నారు. గ్లాసు ఫోటో ఇచ్చాను. ఎందుకిచ్చాను? మంచి ఫోటో కాబట్టి. ఇంతకంటే మంచి కారణం ఎంత వెతికినా నాలో దొరకలేదు. ఇచ్చేముందు దాన్ని నలుపు తెలుపు చేశాను. రంగు కూడా ఒక అలంకారమే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అందుకేనా? రంగు ఉంటే గంధం రంగు చీర, ఎర్ర అంచు తెలిసేవి. ఆ చీర కట్టింది ప్రశాంతి. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టిందో లేదో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. చేతులకు తెలిసే ఉంటుంది.

జనం ఆ ఫోటో దగ్గర ఆగేవాళ్లు. ఒకాయన, బాగా చూసినాయనే, నాతో అన్నాడు: "గ్లాసు సరేనండీ, ఆ వెనకాల మసక ఎంత మెత్తగా వచ్చిందండీ! ప్రాణం ఉంది దానికి." నేను థాంక్స్ చెప్పాను.

చివరి రోజు ప్రశాంతి వచ్చింది. డ్యూటీ నుంచి తిన్నగా, మెడలో ఐడీ కార్డుతో. అన్నీ చూసుకుంటూ వచ్చి గ్లాసు ముందు ఆగిపోయింది. చుక్కల్లో ఉన్న పేరు చదివింది.

"అమ్మ గ్లాసే కదా మామయ్యా?"

"అవునమ్మా."

"ఎప్పుడు తీశావు?"

"ఎప్పుడో. ముందెప్పుడో."

వేలు పెట్టి చూపించింది, తాకకుండా. "ఈ వెనక తెల్లగా ఉన్నదేంటి?"

నా నోట్లోంచి మాట అప్పటికే వచ్చేసింది.

"కర్టెన్."

"ఓహో," అంది. ఇంకాస్త దగ్గరికి వంగి చూసింది. వాళ్లమ్మ ముఖానికి, దాని ముఖానికి మధ్య జానెడు దూరం కూడా లేదు. "బాగుంది మామయ్యా. అమ్మ అప్పుడు పక్కనే ఉండుంటే బాగుండేది," అంది.

ఆ ఫోటో దానికే ఇచ్చాను. అడిగింది, ఇచ్చాను. గన్నవరంలో వాళ్ల ఇంట్లో, భోజనాల బల్ల పక్క గోడకు ఉంది. అదే గదిలో ఎదుటి గోడకు ఆధార్ ఫోటో, ఫ్రేము కట్టించి, ప్లాస్టిక్ దండ వేసి. ఎవరొచ్చినా ప్రశాంతి దండ ఉన్నదాన్ని చూపించి మా అమ్మ అంటుంది. గ్లాసును చూపించి, అమ్మ గ్లాసు, మా మామయ్య తీశాడు అంటుంది. నేను నెలకోసారి వెళ్లి ఆ రెంటి మధ్య కూర్చుని అన్నం తింటాను. పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టులో విమానం దిగేటప్పుడు ఆ ఇంటి అద్దాలు సన్నగా వణుకుతాయి. రెండు ఫ్రేములూ వణుకుతాయి. అంతకు మించి ఏమీ జరగదు. ఇలాగే జరిగిపోతుందనుకున్నాను. నా తర్వాత ఎవరికీ తెలియదు కూడా.

ఇవాళ ఇది రాయడానికి కారణం మొన్న ఆదివారం. చర్చి అయ్యాక అక్కడికి వెళ్లాను. ప్రశాంతి కిటికీలకు కొత్త కర్టెన్లు వేస్తోంది. స్టూలు ఎక్కి కొక్కేలు తగిలిస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"మామయ్యా, పామర్రు ఇంట్లో ముందుగదికి కర్టెన్ ఉండేదా?"

నేను పేపరు చదువుతున్నట్టు ఉన్నాను.

"ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావట్లేదు. ఒట్టి ఊచలే గుర్తున్నాయి. ఆకుపచ్చ రంగువి. కానీ నీ ఫోటోలో ఉందిగా." కొక్కెం ఒకటి కింద పడింది. దిగి తీసుకుని, మళ్లీ ఎక్కింది. "ఉండే ఉంటుందిలే. నేనే మరిచిపోతున్నాను. ఈ మధ్య అమ్మవి ఒక్కొక్కటీ పోతున్నాయి మామయ్యా. మొన్న గొంతు గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు."

నేను తల ఊపాను. ఉండేదేమోనమ్మా అన్నాను.

తిరిగి వస్తూ దారంతా ఆ మాటే తలచుకున్నాను. ఇన్నాళ్లూ నా తప్పు ఒకప్పుడు జరిగి ముగిసిపోయిందనుకున్నాను. ముగియలేదు. ప్రశాంతి దగ్గర సరిగ్గా మిగిలిన జ్ఞాపకాలే కొన్ని. ఆ ఊచలు దానికి సరిగ్గానే గుర్తున్నాయి. నా అబద్ధాన్ని నమ్మి ఆ జ్ఞాపకాన్ని కూడా చెరుపుకుంటోంది. నేను బతికున్నంతకాలం ఆ ఇంటి కిటికీకి ఒక కర్టెన్ వేలాడుతూనే ఉంటుంది.

ప్రశాంతికి చెబుతానా? తెలియదు. చెబుతాను అని ఇక్కడ రాస్తే మంచివాణ్ణయినట్టు ఉంటుంది. అందుకే రాయను. క్షమిస్తుందేమో కూడా. ఓదారుస్తుందేమో, మళ్లీ నా చెయ్యి పట్టుకుని. అదే భయం.

ఒకసారి కంప్యూటర్లో ఆ మసకను సరిచేద్దామని కూర్చున్నాను. ఫోటోలన్నీ ఉన్నాయి. కార్డు ఎప్పుడూ పాడవలేదు. ఎంత పెంచినా, ఎంత చెక్కినా, ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. కరిగింది మళ్లీ గట్టిపడదు.

కాబట్టి మీకు చెబుతాను. అది కర్టెన్ కాదు. ఆ కిటికీకి కర్టెన్ లేదు, ఆకుపచ్చ ఊచలే. గ్లాసు వెనక ఉన్నది మా అక్క. గంధం రంగు చీర, ముదురు ఎరుపు అంచు. కుచ్చిళ్లు ప్రశాంతి పెట్టింది, కాస్త ఎత్తుగా వచ్చాయి. ఎడమ చేతికి వాచీ ఉంది. అది నడవదు, అయినా పెట్టుకుంది. మెడ మీద పౌడరు సరిగ్గా కలవలేదు. చెవి వెనక ఒక కనకాంబరం దండలోంచి జారి వేలాడుతోంది. రెండు చేతులూ ఒళ్లో, వేళ్లు ఒకదానిలో ఒకటి. వెన్ను నిటారుగా. ఇవన్నీ చూశాను. కెమెరా ఎత్తకముందు చూసినవి.

ఆ తర్వాత ఆమె నవ్వింది. నవ్వుతానని చెప్పింది కాబట్టి నవ్వే ఉంటుంది. ఎండ పోయేదాకా, వెన్ను నొప్పిని ఓర్చుకుంటూ నవ్వుతూనే ఉండి ఉంటుంది. ఆ నవ్వు ఎలా ఉందో మాత్రం మీకు చెప్పలేను. నేను గ్లాసు చూస్తున్నాను.